నెత్తుటి లెక్క – ఆడవాళ్ళ పద్దు

మా కడప జిల్లాలో డబ్బును 'లెక్క' అంటాం. "చేతిలో లెక్క లేదు", "ఆ లెక్క ఇచ్చిపో" అంటాం. పై ఊళ్ళలో చదువుకునే రోజుల్లో నా నోట ఈ మాట వచ్చినప్పుడల్లా స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ మాటే 2024 అక్టోబరులో నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ నెలలో మా బద్వేలు దగ్గర, ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి మీద ఆమెకు బాగా తెలిసినవాడే పెట్రోలు పోసి నిప్పంటించాడు. కడప రిమ్స్‌లో ఆ పిల్ల ప్రాణం పోయింది. అప్పుడు నేను బద్వేలులోనే ఉన్నాను. రెండు రోజులు ఊరంతా ఏడ్చింది. మూడో రోజు పాలు పోసే ఆమె గడపలో నిలబడి అడిగింది: "ఆ తల్లికి గవర్నమెంటోళ్ళు లెక్క ఏమన్నా ఇస్తారామ్మా?" ముందు నాకు కోపం వచ్చింది. బిడ్డ పోయిన ఇంట్లో డబ్బు మాటేంటి అనిపించింది. కాసేపయ్యాక సిగ్గేసింది. ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన నా దగ్గర ఆమె ప్రశ్నకు సరైన జవాబు లేదు. నేరానికి గురైన మనిషికి, ఆ మనిషి మీద ఆధారపడ్డవాళ్ళకి రాజ్యం ఏం బాకీ ఉంటుంది? ఆ బాకీ ఎప్పుడైనా ఆడదాని పేరున రాశారా? ఈ వ్యాసం ఆ జవాబు వెతుక్కుంటూ రాసింది.

రాయలసీమ పల్లెల్లో తిరిగినవాళ్ళకి వీరగల్లులు కొత్త కాదు. ఊరి బయట, చేల గట్ల మీద, గుడి వెనక నిలబెట్టిన రాళ్ళు అవి. ఊరి పశువులను తోలుకుపోతున్న వాళ్ళతో పోరాడి చచ్చిపోయిన మగవాడి బొమ్మ కింద ఉంటుంది, పైన అతన్ని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు ఉంటారు. అట్లా చనిపోయినవాడి కుటుంబానికి ఊరో దొరో ఇచ్చిన భూమిని రక్తమాన్యం అన్నారు. కన్నడ శాసనాల్లో ఇలాంటిదాన్నే నెత్తురు కొడగె అంటారు. అంటే హింసలో మనిషిని పోగొట్టుకున్న ఇంటిని ఆదుకోవాలన్న ఆలోచన మనకి ఇంగ్లీషు చట్టాలు నేర్పింది కాదు. అయితే ఆ భూమి ఎవరికి దక్కిందో చూడాలి. చనిపోయినవాడు దొర కోసమో ఊరి కోసమో చచ్చిపోయి ఉండాలి. భూమి వంశానికి పోయేది. మళ్ళీ అవసరమొస్తే ఆ వంశంలో కత్తి పట్టేవాడు ఉండాలి. భార్య సంగతి? చాలాచోట్ల వీరగల్లుకి దగ్గర్లోనే సతిరాయి కనపడుతుంది. చితి ఎక్కితే ఆమెకూ ఒక రాయి. బతికుంటే ఆమె కోసం చెక్కిన రాయి నాకెక్కడా కనపడలేదు.

రక్తమాన్యం ఒక్కటే కాదు, కావలి పద్ధతి కూడా ఉండేది. ఊరికి కాపలా కాసే కావలివాళ్ళకి పంటలో మేర ఇచ్చేవాళ్ళు. దొంగతనం జరిగితే వాళ్ళు సొత్తు పట్టివ్వాలి, లేదంటే నష్టం కట్టాలి. పద్ధతిలో లోపాలెన్నో ఉన్నాయి, కావలివాళ్ళే దొంగలతో కలిసిన సందర్భాలూ ఉన్నాయి. కానీ కాపాడతానని పన్ను తీసుకున్నవాడు కాపాడలేకపోతే బాకీ పడతాడన్న సూత్రం అందులో ఉంది. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేశాక పాలెగాళ్ళ అధికారం పోయింది, దాంతోపాటు కావలి కూడా క్రమంగా పోయింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది, 1860లో శిక్షాస్మృతి వచ్చింది. నేరమంటే రాజ్యానికి వ్యతిరేకంగా చేసిన తప్పయింది. జుల్మానా ఖజానాకు పోయింది. దెబ్బ తిన్న మనిషి సాక్షిగా మిగిలింది. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 545వ సెక్షన్ ప్రకారం వసూలైన జుల్మానాలో కొంత బాధితులకి ఇప్పించవచ్చు. 1973 కోడ్‌లో అది 357వ సెక్షన్‌గా మారి కొంత విస్తరించింది. అయినా నేరస్తుడు దొరకాలి, శిక్ష పడాలి, వాడి దగ్గర డబ్బుండాలి. కోర్టులు ఈ సెక్షన్‌ని మరిచిపోతున్నాయని 1988లో సుప్రీంకోర్టే గుర్తు చేయాల్సి వచ్చింది.

ఇవన్నీ పుస్తకాల్లో చదువుకున్న సంగతులు. వాటి అర్థం నాకు తెలిసింది మాత్రం మా వీధిలో ఉన్న ఒకావిడ వల్ల. ఆమెను నేను అత్తా అని పిలిచేదాన్ని. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఆమె భర్తను నరికి చంపారు. ఆయన ఒక నాయకుడి వెంట తిరిగేవాడు. పగలు ఆయనవి కావు, నాయకుడివి. కేసు నడిచింది, సాక్షులు ఎదురుతిరిగారు, అందరూ విడుదలయ్యారు. ప్రభుత్వం నుంచి ఆమెకి నయా పైసా రాలేదు. రావాలని అడగాలన్న ఊహ కూడా ఎవరికీ లేదు. నాయకుడి ఇంటి నుంచి మాత్రం ఏటా పంట కాలానికి నాలుగు బస్తాల వడ్లు వచ్చేవి. కొడుకు ఫీజు కూడా వాళ్ళే కట్టేవాళ్ళు. ఊళ్ళో అందరూ ఆ నాయకుడి మంచితనాన్ని మెచ్చుకునేవాళ్ళు.

పిల్లవాడికి పందొమ్మిదేళ్ళు నిండాయి. ఒక సాయంత్రం జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. "మీ నాయన లెక్క ఒకటి తేలాల్సి ఉండాది గదప్పా, రా" అన్నారు. అప్పుడు అత్తకి ఆ వడ్లు ఏమిటో అర్థమైంది. అర్థమైంది అనడం తప్పు, మొదటి బస్తా దిగిన రోజే అర్థమై ఉంటుంది. మా అమ్మతో అన్నది నేను విన్నాను: "ఆ వడ్లు దంచుకోని తింటాంటే మొగుని నెత్తురు తిన్నెట్టుండేదక్కా. ఇంగ కొడుకు నెత్తురు గూడా తినమంటాండారు." ఆ రాత్రికి రాత్రే పిల్లవాణ్ణి బెంగుళూరు బస్సెక్కించింది. వడ్లు ఇక వద్దని కబురు పంపింది. అప్పు చేసి, ఏజెంటుకి కట్టి, తాను కువైట్ వెళ్ళిపోయింది. మా ప్రాంతం నుంచి ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్ళిన వేలాది ఆడవాళ్ళలో ఆమె కూడా ఒకరు. వాళ్ళెందుకు వెళ్తారంటే కరువు వల్ల అని రాస్తాం. కరువుతో పాటు ఇలాంటి కారణాలు కూడా ఉంటాయి, అవి ఏ సర్వేలోనూ నింపడానికి గడి ఉండదు.

ఫ్యాక్షన్ గురించి చాలా రాశారు, సినిమాలూ తీశారు. బాంబుల గురించి, కత్తుల గురించి, పౌరుషం గురించి రాశారు. ఫ్యాక్షన్‌లో విధవలకి తిండి ఎవరు పెట్టారన్న ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరూ వేయలేదు. రాజ్యం ఖాళీగా వదిలేసిన చోట నాయకుడు వడ్ల బస్తాతో నిలబడ్డాడు. అది కూడా రక్తమాన్యమే. తీసుకున్న ఇల్లు మళ్ళీ ఒక మగపిల్లవాణ్ణి బాకీ పడుతుంది. నెలకి ఒక చిన్న మొత్తం, ఎవరి దయా కాకుండా హక్కుగా, ఆమె పేరున వచ్చి ఉంటే ఆ మొదటి బస్తానే తిప్పి పంపేది. బాధితులకిచ్చే సహాయాన్ని కన్నీళ్ళు తుడవడంగా చూసేవాళ్ళకి నేను చెప్పే మాట ఇది: ఆ డబ్బు చేతిలో ఉంటే ఆడది 'వద్దు' అనగలదు.

మన ఉద్యమం కూడా మొదట్లో డబ్బు మాట ఎత్తడానికి జంకింది. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొట్టి చంపారు. ఆమెది అప్పటి మన కర్నూలు జిల్లా నందికొట్కూరు అని చాలామందికి గుర్తుండదు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కానీ ఆ కమిషన్ ముందరే ఆమె శీలం మీద, ఆమె పెళ్ళి చెల్లుతుందా లేదా అన్నదాని మీద లాయర్లు ఎన్ని ప్రశ్నలు వేశారో మనం చదివాం. కేసు రాయచూరుకి బదిలీ అయి 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ రోజుల్లో మనమందరం అడిగింది శిక్ష, చట్టంలో మార్పు. భర్త పోయి, ఊరంతా వేలెత్తి చూపుతున్న ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల రేపు ఏం తిని బతుకుతుందన్నది మన డిమాండ్లలో ముందు వరసలో లేదు. పరిహారం అడిగితే మానానికి వెల కట్టినట్టవుతుందని, కేసు రాజీ చేసుకోవడానికి దారి తీస్తుందని మన భయం. ఆ భయం ఉత్తిది కాదు. ఊరి పెద్దలు పంచాయితీ పెట్టి అత్యాచారానికి ఇంత అని తేల్చి కేసు మూసేయించడం మనం చూసిందే. కానీ పంచాయితీ ఇప్పించే డబ్బు నోరు మూయడానికి. రాజ్యం హక్కుగా ఇచ్చే డబ్బు కేసు చివరిదాకా నిలబడటానికి. ఈ తేడా మనం చెప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ తేడాని మనకంటే ముందు గుర్తించింది దళిత ఉద్యమం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఈ రెంటి మధ్య 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, దాని నియమాలు 1995లో వచ్చాయి. ఆ నియమాలు ఒకసారి తీసి చదవండి. ఏ నేరానికి ఎంత సహాయం, అందులో ఎంత భాగం ఏ దశలో ఇవ్వాలి అని పట్టిక వేసి ఉంటుంది. హత్యకు గురైనవాళ్ళ భార్యకి నెలకి వెయ్యి రూపాయల పింఛను, లేదా ఇంట్లో ఒకరికి ఉద్యోగం, లేదా భూమి, ఇల్లు. పిల్లల చదువు. మూడు నెలలకి సరిపడా గిన్నెలు, బియ్యం, పప్పులు. గిన్నెలు అని రాసినచోట నేను ఆగిపోయాను. ఇల్లు తగలబడ్డాక వండుకోవడానికి గిన్నె ఉండదన్న సంగతి ప్రభుత్వ కాగితంలోకి ఎక్కిందంటే, దాని వెనక శిబిరాల్లో కూర్చున్న ఆడవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు! 2016లో ఈ మొత్తాలు పెంచారు. హత్యకి 8.25 లక్షలు, అత్యాచారానికి 5 లక్షలు. పట్టికలో ఉన్నంత మాత్రాన చేతికి వచ్చేసిందని కాదు. కానీ అడగడానికి ఒక కాగితం ఉంది.

మిగతా ఆడవాళ్ళకి ఆ కాగితం రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మూరీ ఎక్స్‌ప్రెస్‌లో సైనికుల చేతిలో అత్యాచారానికి గురైన ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ కేసులో, 1994లో సుప్రీంకోర్టు నష్టపరిహార బోర్డు ఉండాలంది, పథకం తయారు చేయమని జాతీయ మహిళా కమిషన్‌కి చెప్పింది. 1996లో లా కమిషన్ కూడా 154వ నివేదికలో చట్టం మార్చమంది. చివరికి 357ఎ సెక్షన్ అమల్లోకి వచ్చింది 2009 డిసెంబరు 31న. నేరస్తుడు దొరక్కపోయినా, కేసు ఓడిపోయినా బాధితులకి రాజ్యం పరిహారం ఇవ్వాలని అప్పుడు మొదటిసారి సాధారణ చట్టంలోకి ఎక్కింది. ఇప్పుడు అది కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్. న్యూజిలాండ్‌లో ఇలాంటి చట్టం 1963లోనే వచ్చింది, బ్రిటన్‌లో 1964లో పథకం వచ్చింది. అక్కడ ఆ ఆలోచనకి ప్రాణం పోసింది మార్జరీ ఫ్రై అనే స్త్రీ. జైళ్ళ సంస్కరణ కోసం జీవితమంతా పనిచేసి, చివరి రోజుల్లో దెబ్బ తిన్నవాళ్ళ సంగతేమిటని అడిగింది.

2013 బడ్జెట్‌లో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి వచ్చింది. 2018 అక్టోబరు 2 నుంచి జాతీయ న్యాయసేవాధికార సంస్థ తయారు చేసిన స్త్రీల పరిహార పథకం దేశమంతటా అమల్లోకి వచ్చింది. అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు. దరఖాస్తు అందిన అరవై రోజుల్లో తేల్చాలి. పాలు పోసే ఆమె ప్రశ్నకి పుస్తకంలో ఉన్న జవాబు ఇది.

పుస్తకం బయట ఉన్న జవాబు ఇంకొకామె చెప్పాలి. భర్త కిరసనాయిలు పోసి తగలబెడితే బతికి బయటపడ్డ ఒక అమ్మాయి కోసం నేను కొన్నాళ్ళు కడపకి తిరిగాను. బద్వేలు నుంచి అట్లూరు, సిద్ధవటం మీదుగా యాభై కిలోమీటర్ల పైనే. ఆమెకి రవికెలు కుట్టే పని వచ్చు. కాలిన కుడిచెయ్యి మోచేతి దగ్గర చర్మం ముడుచుకుపోయి చాపడానికి రాదు. బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ చేతిని కొంగు కింద దాచుకునేది. ఒక ఆఫీసులో ఎఫ్ఐఆర్ నకలు చాలదన్నారు, ఇంకో ఆఫీసులో గాయం సర్టిఫికెట్‌లో శాతం స్పష్టంగా లేదన్నారు. అరవై రోజులన్నది పద్నాలుగు నెలలైంది. మంజూరైంది మూడు లక్షలు. పథకం ప్రకారం వీలైనంతవరకు అందులో ముప్పావు వంతు కనీసం మూడేళ్ళు ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉండాలి. చేతికి వచ్చింది 75 వేలు. ఆడవాళ్ళ డబ్బు మొగుళ్ళు, అన్నదమ్ములు లాక్కుంటారని ఈ నియమం పెట్టారు, అది నిజమైన భయమే. చెయ్యి ఆపరేషన్ కోసమైతే డిపాజిట్ నుంచి ముందే తీసుకోవచ్చు, దానికి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి, మళ్ళీ బస్సెక్కాలి. ఆమె నన్నడిగింది: "అది నా లెక్కే గదక్కా? నా లెక్క నేను తీసుకునేదానికి నేను ఇంత అడుక్కోవాల్నా?" నేను నియమం వెనక ఉన్న కారణం వివరించబోయి మానేశాను. మొగుడి నుంచి కాపాడాలనుకున్న నియమం చివరికి మొగుడి మాదిరే చేయి చాపించుకుంటోంది.

పరిహారం ఒకసారి వచ్చే డబ్బు. అది వచ్చేలోపల తలదాచుకునే చోటు, మాట్లాడే మనిషి, వెంట వచ్చే లాయరు కావాలి. ఈ సేవలకి ప్రభుత్వ గ్రాంట్ల చరిత్ర పరిహారం కంటే పాతది, ఇంకా బలహీనమైంది. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలిగా 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. 1969లో షార్ట్ స్టే హోములు, 1980లలో కుటుంబ సలహా కేంద్రాలు, 2001-02లో స్వాధార్ పథకం వచ్చాయి. 2006లో గృహహింస చట్టం అమల్లోకి వచ్చినప్పుడు మన రాష్ట్రంలో రక్షణాధికారి బాధ్యత జిల్లా ప్రాజెక్టు డైరెక్టర్ల మీద పెట్టారు. 2015లో సఖి వన్ స్టాప్ సెంటర్లు వచ్చాయి. 2022 నుంచి ఇవన్నీ మిషన్ శక్తి కిందికి చేరాయి, వసతి గృహాల పేరు శక్తి సదన్ అయింది. దుర్గాబాయి బోర్డు మాత్రం ఇప్పుడు లేదు, మూసేశారు. ఎన్నిసార్లు పేర్లు మారాయో చూడండి. పేరు మారిన ప్రతిసారీ కొత్త మార్గదర్శకాలు, కొత్త ఫారాలు, కొత్త ఖాతా. ఆ మధ్యలో పడ్డ నెలల్లో ఇంటి అద్దె ఎవరు కడతారు? నేను వెళ్ళిన ఒక వసతి గృహంలో కౌన్సెలర్‌కి ఏడు నెలలుగా జీతం లేదు. ఆమె కూడా భర్త వదిలేసిన మనిషే. "బాధితులకి ధైర్యం చెప్పి ఇంటికి పోయి, షాపతనికి అప్పు చెప్పుకుంటా" అంది నవ్వుతూ.

మా బద్వేలుకి దగ్గర్లోనే పోరుమామిళ్ళ చెరువుంది. 1369 నాటి శాసనంలో ఆ చెరువు కట్టడానికి రెండేళ్ళు పట్టిందని, రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేశాయని రాసి ఉంది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకి ఆరు దోషాలు కూడా చెప్పారు. ఆ దోషాల్లో కొన్ని: కట్ట నుంచి నీరు ఊరిపోవడం, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం. క్లాసులో చాలాసార్లు చెప్పిన పాఠమే. ఆ కౌన్సెలర్ దగ్గర్నుంచి తిరిగి వస్తూ బస్సులో అది కొత్తగా అర్థమైంది. శక్తి సదన్‌కి కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళు ఇవ్వాలి. ఒకరి వాటా వస్తే గాని ఇంకొకరిది కదలదు. రెండు రాజ్యాల సరిహద్దులో తవ్విన చెరువు ఇదే. కలసపాడు నుంచి కడప దాకా ఉన్న ఆడవాళ్ళందరికీ దిక్కు జిల్లా కేంద్రంలో ఉన్న సెంటరే. నీరు తక్కువ, ఆయకట్టు ఎక్కువ.

డబ్బున్న దేశాల్లో ఈ బాధ లేదనుకోకండి. అమెరికాలో 1984లో నేర బాధితుల చట్టం చేసి, ఫెడరల్ కోర్టుల్లో నేరస్తులు కట్టే జుల్మానాలతో ఒక నిధి పెట్టారు. అక్కడి రాష్ట్రాలకి, వాటి ద్వారా ఆశ్రయ గృహాలకి గ్రాంట్లు దాన్నించే వెళతాయి. జుల్మానాలు తగ్గితే నిధి తగ్గుతుంది. అలా తగ్గిపోతుంటే 2021లో చట్టాన్ని సవరించి ఇతర వసూళ్ళు కూడా అందులో కలపాల్సి వచ్చింది. అక్కడికి కోడళ్ళుగా వెళ్ళి దెబ్బలు తిన్న మన తెలుగు పిల్లలు తలుపు తట్టేది కూడా అలాంటి ఇళ్ళనే. అయితే అక్కడ ఆ నిధిలోకి ఎంత వచ్చింది, ఏ రాష్ట్రానికి ఎంత పోయింది అన్నది ఎవరైనా చూడగలరు.

మన జిల్లాల్లో అది మనమే అడిగి తెలుసుకోవాలి. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థని మూడు ప్రశ్నలు అడగండి: నిరుడు పరిహారం కోసం ఆడవాళ్ళ దరఖాస్తులు ఎన్ని వచ్చాయి, ఎన్నింటికి డబ్బు చేతికి అందింది, అందడానికి ఎన్ని రోజులు పట్టింది. మహిళా శిశు సంక్షేమ శాఖని ఇంకొకటి అడగండి: సఖి సెంటర్లో, వసతి గృహంలో పనిచేసేవాళ్ళకి ఎన్ని నెలల జీతం బాకీ ఉంది. మనం స్త్రీల మీద హింస గురించి కథలు రాశాం, కవిత్వం రాశాం, పరిశోధన పత్రాలు చదివాం. బడ్జెట్ పద్దు చదవడం మన పని కాదనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

అత్త కువైట్ నుంచి పదకొండేళ్ళకి తిరిగొచ్చింది. కొడుకు బెంగుళూరులోనే స్థిరపడ్డాడు, ఎవరినీ చంపలేదు, ఎవరి చేతా చావలేదు. ఆమె పోయి కొన్నేళ్ళయింది. ఒకసారి ఆమెని అడిగాను, గవర్నమెంటు నీకు ఎంత ఇచ్చి ఉంటే బాగుండేది అత్తా అని. చాలాసేపు ఆలోచించింది. "నాలుగు బస్తాల వడ్లకి సరిపొయ్యేంత చాలుమ్మే" అంది.